ఎర్ర బకెట్టులో పింగాణీ గుల్లలు

మా సైన్సు మాస్టారు పోయారని నాకు మా అమ్మ చెప్పింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు పొద్దుటి డ్యూటీ ముగించుకొని వచ్చి, తెల్ల బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "మీ మాస్టారు పోయారే," అంది. "తెచ్చేసరికే స్పృహ లేదు. గుండె. మేం చెయ్యాల్సిందంతా చేశాం." ఆ తర్వాత బూట్లు విప్పి, రెండూ పక్కపక్కన సరిగ్గా పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు చాలాసేపు పారుతూనే ఉన్నాయి.

దుబాయ్‌లో మన తెలుగువాళ్ళ పత్రికకి ఒక స్మృతి రాయమని సంఘం పెద్దలు నన్ను అడిగారు. "నువ్వు ఆయన శిష్యురాలివి, తెలుగు బాగా రాస్తావు, నాలుగు మంచి మాటలు రాయమ్మా," అన్నారు. మంచి మాటలు నాకు తెలుసు. సౌమ్యుడు, మితభాషి, అజాతశత్రువు. ఈ మూడూ కాగితం మీద రాసి చూశాను. ఎవరి ఫోటో కింద పెట్టినా సరిపోతాయి. కొట్టేశాను. నాకు కోపంగా ఉంది. ఆ కోపం తగ్గేదాకా ఆగితే ఇది ఎప్పటికీ రాయలేను.

ఇది చదివే మీలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. మీరంతా ఆయన్ని 'ఇసుక మాస్టారు' అనేవారు. పోయిన ఏడాది సంఘం సమావేశంలో పులిహోర పొట్లాలు పంచుతున్నప్పుడు ఒకాయన గట్టిగా అన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "ఏం మాస్టారూ, ఈ దేశంలో ఇసుకకి కరువొచ్చిందా? సీసాల్లో దాచిపెడుతున్నారట!" అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, "ముందుచూపు లెండి," అన్నారు. ఆయన కూడా నవ్వారు కాబట్టి అందులో తప్పేమీ లేదని మీరు అనుకున్నారు. ఆ సీసాల్లో ఏముందని మాత్రం ఆ రోజు ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు నేను చెప్తాను.

సముద్రంలో ఫొరామినిఫెరా అనే జీవులుంటాయి. చాలావరకు ఆవగింజకన్నా చిన్నవి. ఒక్కోదానికి ఒళ్ళంతా కలిపి ఒకటే కణం. కళ్ళు లేవు, చెయ్యి లేదు, మెదడు లేదు. అయినా తన చుట్టూ తానే గుల్ల కట్టుకుంటుంది. పెరిగిన కొద్దీ ఒక్కో గది కలుపుకుంటూ పోతుంది. అది పోయాక ఆ ఇల్లు ఇసుకలో మిగిలిపోతుంది. మనం జుమేరా ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకొని నడిచేటప్పుడు కాళ్ళకింద పడేవాటిలో సగం అవే.

నేను మొదటిసారి వాటిని చూసింది కరామాలో మా ఇంట్లో, అన్నం తినే బల్ల మీద. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సెలవు రోజుల్లో మాస్టారు బడి మైక్రోస్కోపుని పెద్దసారు అనుమతితో ఇంటికి తెచ్చుకునేవారు. చర్చిలో శుక్రవారం ప్రార్థన అయ్యాక అమ్మా నేనూ ఇంటికొచ్చేసరికి మెట్ల దగ్గర ఆయన మైక్రోస్కోపు పెట్టెను ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉండేవారు. పక్కన మల్లేశన్న. మాస్టారు సత్వాలో పంచుకునే గదిలో ఇంకో మంచం మల్లేశన్నది. జగిత్యాల వైపు మనిషి, ఒక కంపెనీలో పికప్ డ్రైవరు. శుక్రవారాల్లో వీసా ఇప్పించిన యజమాని, వాళ్ళ కఫీల్, బండి వాడుకోనిచ్చేవాడు. మాస్టారు మా అమ్మ చేసే చేపల పులుసు కోసం వచ్చేవారని మల్లేశన్న, మల్లేశన్నే పులుసు కోసం వస్తాడని మాస్టారు అనేవారు. ఇద్దరి కంచాలూ ఒకేసారి ఖాళీ అయ్యేవి.

మాస్టారు నల్లకాగితం మీద చిటికెడు ఇసుక చల్లి, సన్న కుంచె కొసని నాలుకమీద తడి చేసుకొని, ఒక్కో రేణువునీ ఎత్తి పక్కన పెట్టేవారు. మూడు కుప్పలు.

"మొట్టమొదట గోడ చూడాలమ్మా," అనేవారు. "ఇల్లు ఎంతుందో తర్వాత. గోడ దేంతో కట్టిందో ముందు."

మొదటి కుప్ప గుల్లలు గాజులా ఉండి, ఒళ్ళంతా సన్న చిల్లులతో ఉండేవి. రెండో కుప్పవి చుట్టుపక్కల దొరికిన ఇసుక రేణువులనే ఏరుకొని, జిగురుతో అతికించుకొని కట్టుకున్నవి. మూడో కుప్పవి చిల్లులు లేకుండా, నున్నగా, టీ కప్పులా తెల్లగా మెరిసేవి. ఇంగ్లీషులో వీటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. నాకు అప్పుడప్పుడే తెలుగు మాటల పిచ్చి మొదలైంది. వీటికి తెలుగు పేర్లు పెడదామని నేనంటే ఆయన పిల్లాడిలా సంబరపడ్డారు. ఒక మధ్యాహ్నమంతా ఆలోచించి గాజు గుల్ల, తాపీ గుల్ల, పింగాణీ గుల్ల అని పెట్టాం.

తాపీ గుల్లని చూడమని మల్లేశన్నకిచ్చారు. అన్న ఒక కన్ను మూసి, మైక్రోస్కోపులోకి వంగి, "అగో! గిదిగూడ మా క్యాంపోడే," అన్నాడు. "ఇసుక మోసుడు, గోడ కట్టుడు. దీని కఫీల్ ఎవలు మాస్టరూ?"

"సముద్రం."

"మరి పాస్‌పోర్టు ఎవని దగ్గరున్నది?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు.

పింగాణీ గుల్ల ఎందుకంత తెల్లగా ఉంటుందని నేనడిగాను. "దీని గోడ నిండా కంటికి కనపడని సున్నపు సూదులమ్మా. వరసగా పేర్చి ఉంటే వెలుగు దాటిపోయేది. ఇది చిందరవందరగా పడేసుకుంది. వచ్చిన వెలుగు ఎటు పోవాలో తెలీక వెనక్కి చెదిరిపోతోంది. అందుకే పాలలా తెలుపు."

"అంటే మా అమ్మాయి బీరువాలాగన్నమాట," అంది అమ్మ వంటింట్లోంచి.

ఆయన ప్రాణమంతా ఆ పింగాణీ గుల్లల మీదే. అందులోనూ మిలియోలిడ్లు అనే ఒక గుంపు మీద. ఆ మాటకి లాటిన్‌లో మూలం చిరుధాన్యపు గింజ అని ఆయన చెప్పగానే మల్లేశన్న, "కొర్రలా!" అన్నాడు. అవి నిజంగా కొర్ర గింజల్లాగే ఉంటాయి, కోలగా, రెండు కొసలా సన్నగా. ఆ రోజునుంచి మా బల్ల దగ్గర అవి కొర్ర గుల్లలు.

కొర్ర గుల్లలో ఒక్కో గదీ సగం చుట్టు ఉంటుంది. ఒక గది ఈ కొసన మొదలై ఆ కొసన నోరు తెరుస్తుంది. తర్వాతి గది దాని మీదుగా ఆ కొస నుంచి ఈ కొసకి వస్తుంది. నోట్లో ఒక చిన్న పన్ను కూడా ఉంటుంది. గదులు ఒకదానికొకటి ఎంత తిరిగి కూర్చుంటాయన్నదాన్ని బట్టి బయటికి ఐదు గదులు కనిపించవచ్చు, మూడు కనిపించవచ్చు, రెండే కనిపించవచ్చు. ఐదు కనిపిస్తే క్వింక్వెలోక్యులినా. మూడైతే ట్రైలోక్యులినా. రెండైతే పైర్గో. మొదటి పేరుని నేను బడి బస్సులో కూర్చుని పెదవులు కదపకుండా పదేపదే అనుకునేదాన్ని. అంత తెల్లని మూగ గింజకి అంత మోత ఉన్న పేరు!

గదుల మధ్య అతుకులు కనబడటానికి మాస్టారు మిఠాయి కొట్టువాడి దగ్గర పచ్చరంగు అడిగి తెచ్చి, నీళ్ళలో కలిపి, కుంచెతో ఒక చుక్క తాకించేవారు. రంగు అతుకుల్లోకి పాకేది. అప్పుడు లెక్కపెట్టడం సులువు. ఒకసారి నేను మూడు లెక్కపెట్టి, గబగబా చీటీమీద ట్రైలోక్యులినా అని రాసేశాను. ఆయన కుంచె కింద పెట్టారు.

"ఏటమ్మా అంత కంగారు? బయట లెక్క చూసి పేరు పెట్టేస్తావా?"

"పుస్తకంలో అలాగే ఉంది కదండీ."

"పుస్తకం రాసినాయనకి సాయంత్రం రైలుందేమో. మనకేం తొందర? కోసి చూడు."

కోయడమంటే కత్తితో కాదు. గుల్లని గాజుపలక మీద వేడిచేసిన జిగురులో నిలబెట్టి, రంగుల కొట్లో దొరికే అతి సన్నని ఉప్పు కాగితం మీద నీళ్ళతో రుద్దుతూ, రుద్దుతూ, ప్రతి రెండు రుద్దులకీ ఒకసారి చూసుకుంటూ నడిమికి రావాలి. ఒక రుద్దు ఎక్కువైతే గుల్ల ఉండదు. ఆయన ఊపిరి బిగబట్టి రుద్దేవారు. అమ్మ కూడా గరిటె చప్పుడు ఆపేది. ఆ రోజు నడిమి దాకా వచ్చిన ఆ మూడు గదుల గుల్ల లోపల, మొదట కట్టిన గదులు ఐదు వైపులకీ తిరిగి ఉన్నాయి. చిన్నప్పుడది ఐదు గదుల వరసలో పెరిగి, పెద్దయ్యాక మూడింటికి మారింది. మధ్యలో మొట్టమొదటి గది, పుట్టుగది, సూదిమొనంత.

అదే చోటి నుంచి తెచ్చిన ఇంకో గుల్లని కోసి చూపించారు. బయటికి అదే రూపు. లోపల పుట్టుగది పెద్దది. అది ఐదు గదుల దశ లేకుండానే మూడింటితో మొదలుపెట్టింది. "ఒకే జాతమ్మా. పుట్టుకలు రెండు రకాలు. ఒకటి చిన్న గదితో పుట్టి అన్ని దశలూ దాటుకుంటూ వస్తుంది. ఇంకోటి పెద్ద గదితో పుట్టి కొన్ని దశలు ఎగ్గొడుతుంది. అవి పసివిగా ఉన్నప్పుడు బయట నుంచి చూసినవాళ్ళు ఒకదాన్ని ఒక ఇంటిపేరుతో, రెండోదాన్ని ఇంకో ఇంటిపేరుతో రాసేశారు. అన్నదమ్ముల్ని విడదీశారు."

ఇదే ఆయన పని. ఈ తీరంలో వేరువేరు పేర్లతో చలామణీ అవుతున్న రెండు కొర్ర గుల్లలు ఒకే జీవివని చూపించడం. దానికి ఒకటి రెండు గుల్లలు చాలవు. మడుగులో ఒక్కో చోటు నుంచి, పసిదాని దగ్గర్నుంచి ముసలిదాని దాకా, కోసినవీ కోయనివీ వరసగా కావాలి. అందుకోసం ఏళ్ళ తరబడి ప్రతి వారం ఆయన పాంటు మోకాళ్ళదాకా మడిచి ఉమ్ అల్ కువైన్ మడుగులో దిగేవారు.

ఒకసారి అమ్మా నేనూ కూడా వెళ్ళాం. మడ చెట్ల అవతల నీళ్ళు మోకాలు దాటవు. అడుగున సముద్రపు గడ్డి. మాస్టారు చెంచాతో ఇసుక పై పొర మాత్రమే, పాలమీది మీగడ తీసినట్టు తీసి, తలనొప్పి బామ్ సీసాల్లో వేసి, నీళ్ళలో నిలబడే చీటీ రాసేవారు. ఎక్కడ, ఎంత లోతు, గడ్డి ఉందా లేదా. ఒక ముసలి జాలరి పడవ ఆపి మల్లేశన్నని అరబ్బీలో ఏదో అడిగాడు.

"మాస్టరూ, నువ్వు పిచ్చోడివా అని అడుగుతున్నడు."

"అవునని చెప్పు. తొందరగా వదిలేస్తాడు."

మల్లేశన్న చెప్పాడు. జాలరి తల ఊపి, పడవలోంచి రెండు చేపలు తీసి మాకిచ్చి వెళ్ళిపోయాడు. మిమ్మల్ని చూసినప్పుడల్లా నాకు ఆ జాలరి గుర్తొస్తాడు. అతను కనీసం అడిగాడు.

ఈ పని ఆయనకి ఇక్కడికి రాకముందు నుంచీ ఉన్నదే. వాళ్ళ ఊరు విశాఖలోనే చదువుకున్నారు. ఇక్కడికి వచ్చింది బడిలో చెప్పడానికి కాదు. నూనె బావులు తవ్వేవాళ్ళ ప్రయోగశాలలో ఉద్యోగం. బావిలోంచి పైకొచ్చే రాతిపొడిలో ఏ గుల్లలున్నాయో చూసి, ఒకప్పుడు అక్కడ లోతైన సముద్రముందా, ఉప్పు మడుగుందా అని చెప్పాలి. కొర్ర గుల్లలు మెండుగా ఉంటే అది లోతులేని మడుగు. అక్కడి ముదీర్‌కి, అదే పై అధికారికి, మధ్యాహ్నంలోగా జవాబు కావాలి. "ఐదా మూడా, ఏదో ఒకటి చెప్పు, యల్లా, తొందరగా," అనేవాడట. ఈయన "కోశాక చెప్తాను" అనేవారట. నూనె ధర పడిపోయిన ఏడాది మనుషుల్ని తగ్గించడం మొదలుపెడితే, మొదట ఎవరి కుర్చీ ఖాళీ అయిందో మీరు ఊహించుకోవచ్చు.

"ఏమన్నారండీ?" అని అమ్మ అడిగింది.

"ఏమంటారమ్మా. ఖలాస్ అన్నారు. ఆ మాట చెప్పడానికి కూడా వాళ్ళు నన్ను కోసి చూడలేదు."

ఆ తర్వాత మా బడి. సైన్సుతో పాటు నీతి పాఠాలు, ఆటల పీరియడు కూడా ఆయన నెత్తినే వేశారు. పిల్లలు ఎండలో బంతి వెనక పరుగెడుతుంటే, జేబులోంచి భూతద్దం తీసి మైదానంలో ఇసుక చూస్తూ కూర్చునేవారు. ఆయన పోయిన మర్నాడు ప్రార్థన సమయంలో పెద్దసారు మైకులో చెప్పారు, "ఆయన ఏనాడూ ఆలస్యంగా రాలేదు" అని. అంతే. అంతకుమించి ఆ మనిషి గురించి చెప్పడానికి ఆ బడికి ఏమీ దొరకలేదు. కానీ మైక్రోస్కోపు మాత్రం గుర్తుంది. ఆయన ఇంకా మార్చురీలో ఉండగానే ప్యూనుని సత్వాకి పంపి దాన్ని తెప్పించుకున్నారు. ప్యూను తలుపు తట్టి, "సార్ మైక్రోస్కోపు," అన్నాడట. ఆ మైక్రోస్కోపు ఏ సార్‌దన్నది అతనికీ అర్థమయ్యే ఉంటుంది.

ఇంత చెప్పినా నా అసలు కోపం ఇంకా రాలేదు.

మాస్టారికి ఒక చెక్కపెట్టె ఉండేది, సన్నని సొరుగులతో. సొరుగుల్లో అట్టలు. ఒక్కో అట్ట వేలెడు పొడవు. దాని మధ్యలో నల్లటి గుంట, గుంటలో అంకెలు వేసిన గళ్ళు, పైన జారే గాజు మూత. ఒక్కో గడిలో ఒక్కో గుల్ల, అట్ట అంచున అవి మడుగులో దొరికిన చోటు. గుల్లని అతికించడానికి కతీరా జిగురు వాడేవారు. అబ్రా పడవ ఎక్కి దేరా వెళ్ళి, సుగంధద్రవ్యాల బజారులో ఇరానీ కొట్టులో కొనేవారు. బూజు పట్టకుండా అందులో ఒక చుక్క లవంగ నూనె. అందుకే ఆయన చొక్కాలు ఎప్పుడూ పంటి డాక్టరు గదిలా వాసన వేసేవి. ఆ జిగురు నీటికి కరుగుతుంది. "రేపు ఎవరైనా గుల్లని తిప్పి చూడాలనుకుంటే తడి కుంచె తాకిస్తే చాలు, ఊడి వస్తుంది," అనేవారు. "నా మాట నమ్మక్కర్లేదు, వాళ్ళే తిప్పి చూసుకుంటారు." ఆ పెట్టెని విశాఖలో తాను చదువుకున్న చోట అప్పజెప్పాలని ఆయన కోరిక. పోస్టులో పంపమని నేనంటే ఒప్పుకోలేదు. "పగిలిపోతాయమ్మా. వచ్చే వేసవిలో వెళ్తాను కదా. ఒళ్ళో పెట్టుకొని తీసుకెళ్తాను."

మన గదుల్లో ఉన్న ఒక ఆచారం మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరైనా ఇక్కడ పోతే, శవపేటికతో పాటు వెళ్ళే సామాను పెట్టె వెలితిగా వెళ్ళకూడదు. బతికి ఉంటే ఏం తీసుకెళ్ళేవాడో అవన్నీ గదిలోవాళ్ళు తలా ఒకటి తెచ్చి నింపుతారు. దుప్పటి, టార్చి, సెంటు, సబ్బులు, పాలిస్టరు చీర, పిల్లలకి చాక్లెట్లు, నారింజ పొడి డబ్బా. ఈ ఆచారాన్ని నేను తప్పు పట్టను. అది తెలిసిన రోజు నేను ఏడ్చాను కూడా.

మాస్టారిని విమానమెక్కించిన మర్నాడు అమ్మా నేనూ సత్వా వెళ్ళాం. మల్లేశన్న కళ్ళు వాచి ఉన్నాయి. మాస్టారి మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"ఆయన చెక్కపెట్టె ఏదన్నా?" అన్నాను.

"పంపినం చెల్లే. మాస్టరుతోనే పోయింది."

హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అన్న, కాస్త గర్వంగానే, "మంచిగ సాఫ్ చేసి పంపినం," అన్నాడు.

"సాఫ్ అంటే?"

"సీసాల ఇసుకంత తీసేసినం. అట్టలకు గూడ గా గింజలేవో అతుక్కొని ఉండె. తడిగుడ్డతోని తుడిస్తె అల్కగ ఊడొచ్చింది. ఒక్క రేణువు లేదు. పెట్టె ఎంత మంచిగున్నది! ఇంటికాడ మాస్టరు భార్య సూదులు, దారాలు పెట్టుకునేటందుకు పనికొస్తది."

నేను అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను, పెద్దవాళ్ళు చదివే పత్రిక ఇది. పక్క గదిలోవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ నా భుజం పట్టుకుంది. మల్లేశన్న నా మొహం చూస్తూ, తను ఏం చేశాడో అర్థం కాక, కానీ ఏదో చేశాడని తెలిసి, మంచం అంచున కూర్చుండిపోయాడు.

"పొడి సీసాలు చూస్తే కస్టమ్స్‌ల శవాన్ని ఆపుతరు చెల్లే," అన్నాడు చివరికి. "ఇదేందని విప్పి, అడిగి, మాస్టరును ఆడనే పండబెడుతరు. ఇంటికాడ పెట్టె తెరిచినప్పుడు వాడకట్టంత నిలబడి చూస్తది. ఇన్నేండ్లు దుబాయ్‌ల ఉండి ఇసుక పంపిండంటే మాస్టరు ఇజ్జత్ ఏంగావాలె?"

"అది ఇసుక కాదన్నా! ఆయన బతుకంతా అదే!"

"చూసుడైతే చూసిన, సెలవునాటి కాలక్షేపమనుకున్న. గదే బతుకని మాకెవలు చెప్పిండ్రు?" అన్నాడు. ఈసారి అన్న గొంతూ పెరిగింది. "ఒక్కసారి, ఒక్క మాట చెప్తే మా పాణం పెట్టి కాపాడకపోదుమా? అడిగినప్పుడల్ల నవ్వుతుండె. ముందుచూపు అంటుండె. మాస్టరు నవ్వితే మేం గూడ నవ్వినం."

ఆ మాట నిజం. అందుకే నా కోపం ఇప్పుడు మాస్టారి మీదకి కూడా పోతుంది. గోడల గురించి, పుట్టుగదుల గురించి నాకు అంత చెప్పిన మనిషి, ఒకే గదిలో ఇన్నేళ్ళు కలిసి బతికినవాళ్ళకి, "నాకేమైనా అయితే ఇది ఫలానా చోటికి చేర్చండి" అని ఎందుకు చెప్పలేదు? ఎగతాళి చేసినవాళ్ళ ముందు నవ్వేసి తప్పించుకోవడం అలవాటై, ప్రేమించినవాళ్ళ ముందు కూడా అదే నవ్వు నవ్వారు. ఆ అలవాటు ఆయనకి ఎవరు చేశారు? పులిహోర పొట్లాలతో నిలబడి నవ్వినవాళ్ళు ఆలోచించుకోండి.

"ఆ ఇసుక ఏం చేశారు?" అని అమ్మే అడిగింది, మెల్లగా.

"మాస్టరుది పారబోస్తమా అక్కా! మెట్ల కింద ఎర్ర బకెట్ల పోసినం."

నిప్పు అంటుకుంటే చల్లడానికని ప్రతి బిల్డింగులోనూ పెట్టే ఇసుక బకెట్టు. మొన్ననే మున్సిపాలిటీ నుంచి బలదియా మనిషి వచ్చి అందులో ఇసుక తక్కువుందని వాచ్‌మన్‌ని తిట్టి వెళ్ళాడట. నేను పరుగెత్తి మెట్లు దిగాను. బకెట్టు నిండుగా ఉంది. పైన రెండు సిగరెట్ ముక్కలు గుచ్చి ఉన్నాయి. మాస్టారు నాకిచ్చిన భూతద్దం సంచిలోంచి తీసి వంగి చూశాను. ఇళ్ళు కట్టే ఎర్రటి మోటు ఇసుక మధ్యలో అక్కడక్కడా, తెల్లగా, కోలగా, కొర్ర గింజలు.

ఏం పోయిందో స్పష్టంగా చెప్తాను, ఎవరూ నన్ను ఓదార్చకుండా ఉండటానికి. గుల్లల్లో దొరికినవి దొరుకుతాయి. గోడ చూసి, గదులు లెక్కపెట్టి, కోసి, ఏది ఏ రకమో మళ్ళీ తేల్చవచ్చు. కానీ ఏ గుల్ల మడుగులో ఏ చోటిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ రెండూ ఒకే చోట కలిసి పుట్టి పెరిగాయన్నదే ఆయన రుజువు. చోటు రాసిన అట్టలు ఖాళీగా విశాఖలో ఉన్నాయి. గుల్లలు సత్వాలో మెట్ల కింద ఉన్నాయి. మీలో ఎవరైనా సెలవుకి విశాఖ వెళ్తుంటే నాకు కబురు చెయ్యండి. మాస్టారి భార్యని కలిసి, ఆ సొరుగుల్లో సూదులు పెట్టుకున్నా ఫరవాలేదు, అట్టల మీద ఆయన రాతని మాత్రం చెరపవద్దని చెప్పాలి. ఆ రాతలో ఎక్కడెక్కడ దిగారో ఉంది. మడుగు ఎటూ పోలేదు. ఆ చోట్లకే మళ్ళీ దిగి, మళ్ళీ పై పొర తియ్యవచ్చు. నాకు మోకాళ్ళదాకా లోతు చాలు.

అప్పటిదాకా శుక్రవారాలు నేను సత్వా వెళ్తున్నాను. అమ్మ తోడుగా వచ్చి మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుచుకుంటుంది. "కోపం చాల్లేవే," అంటుంది. నేను తల ఎత్తను. మల్లేశన్నతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

మొదటి వారం భూతద్దం పట్టుకొని బకెట్టులోంచి చెంచా చెంచా తీసి వెతికాను. మెడ పట్టేసింది, దొరికినవి గుప్పెడు కూడా కావు. రెండో వారం మల్లేశన్న పైనుంచి ఒక వెడల్పాటి స్టీలు పళ్ళెం తెచ్చాడు. బకెట్టులోంచి దోసెడు ఇసుక పోసుకొని, గొంతుక్కూర్చుని, వాళ్ళమ్మ చేటలో గింజలు చెరిగినట్టు, పళ్ళాన్ని ఎగరేస్తూ, వాల్చి తడుతూ చెరిగాడు. బరువైన ఎర్ర ఇసుక వెనక్కి ఆగింది. బోలుగా ఉన్న గుల్లలు తేలికై, ఒక్కొక్కటే పళ్ళెం ముందు అంచుకి వచ్చాయి.

"చూడు చెల్లే. గివేనా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను పళ్ళెం ముందుకి జరిగి కూర్చున్నాను. మాస్టారు ఎప్పుడో నాకిచ్చిన నల్ల గళ్ళ ఖాళీ అట్ట ఒకటి తీసి, ఆయన కుంచె కొసని నాలుకమీద తడి చేసుకున్నాను. దానికి లవంగ నూనె వాసన ఇంకా పోలేదు. పళ్ళెం అంచున సన్నని తెల్లటి గీత ఒకటి పేరుకుంటూ ఉంది.